ఐదు వారాల గూస్ పిల్లకు రెక్క చివర బయటికి తిరిగింది, ఇంట్లో సరిచేయవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి క్లుప్తంగా చెప్తాను, ఇదే సమస్యతో ఉన్న మిగతావాళ్లకు కూడా పనికొస్తుంది. మీ దగ్గర ఐదు వారాల బాతుపిల్లలు, గూస్ పిల్లలు (గూస్ అంటే బాతు జాతిలోనే పెద్ద పక్షి) కలిసిన గుంపు ఉంది. అందులో ఒక గూస్ పిల్లకు రెండు రోజులుగా ఎడమ రెక్క చివరి భాగం ఒంటికి ఆనకుండా పక్కకు పొడుచుకొస్తోంది. ఒక బాతుపిల్లకు రెండు రెక్కలూ కిందికి జారి వేలాడుతున్నాయి. ఏడాది దాటిన పెద్ద గూస్ ఒకటి మీ దగ్గరికి వచ్చేసరికే రెక్క బయటికి తిరిగి ఉంది. అన్నిటికీ పొద్దున్నుంచి రాత్రిదాకా కోళ్ల బ్రాయిలర్ స్టార్టర్ దాణా ముందు పెట్టే ఉంచుతున్నారు. ఎముక విరిగిందా, కట్టు కడితే సరవుతుందా, వదిలేస్తే దానంతటదే సర్దుకుంటుందా అని అడిగారు.

మూడింటికీ జవాబు ఒకటి కాదు. గూస్ పిల్లకు ఈరోజే కట్టు కట్టాలి, ఈరోజే మేత మార్చాలి. బాతుపిల్లకు కట్టు అవసరం ఉండకపోవచ్చు, మేత మాత్రం దానికీ మార్చాలి. పెద్ద గూస్‌కు కట్టు జోలికి వెళ్లొద్దు, దాని సంగతి చివర్లో చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి దేనికీ ప్రాణం మీదికి వచ్చేంత ప్రమాదం లేదు, టెన్షన్ పడకండి. కానీ గూస్ పిల్ల విషయంలో "వచ్చే వారం చూద్దాంలే" అనుకోవద్దు. ఈ సమస్యలో పోయిన వారం మళ్లీ తిరిగి రాదు.

ఎందుకంటే, లోపల జరుగుతున్నది ఇది. బాతు జాతి పిల్లలకు కాళ్లు ముందు ఎదుగుతాయి, రెక్కలు వెనక ఎదుగుతాయి. మొదటి మూడు వారాలు చూస్తే రెక్క చిన్న మొటిమలా ఉంటుంది, ఉన్నట్టే అనిపించదు. ఆ తర్వాత ఒక్కసారిగా పొడుగు సాగుతుంది. పెకిన్ బాతు పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు సుమారు 50 గ్రాములు ఉంటుంది, మంచి దాణా మీద ఏడు వారాలకు 3 కిలోల దాకా వస్తుంది. ఒళ్లు ఆ వేగంతో పెరుగుతుంటే, మధ్యలో రెక్క చివరి భాగం మీద పది పెద్ద ఈకలు ఒకేసారి మొలుస్తాయి. ఎగరడానికి వాడే ఈకలు ఇవే. మొలిచే ఈక మనం నేల మీద ఏరుకునే ఎండు ఈకలా తేలికగా ఉండదు. కాడ నీలంగా, లావుగా, లోపల నెత్తురు నిండి ఉంటుంది. పలచటి తీగ మీద తడి బట్టలన్నీ ఒకే చోట ఆరేస్తే తీగ ఎలా కుంగుతుందో, ఆ బరువుకు మణికట్టు దగ్గర ఇంకా మెత్తగా ఉన్న కీలు అలా లొంగుతుంది. కండరాలు, స్నాయువులు పట్టి ఉంచలేవు. మణికట్టు నుంచి చివరిదాకా ఉన్న భాగం బయటివైపు మెలి తిరుగుతుంది. దీన్నే ఏంజెల్ వింగ్ అంటారు. స్లిప్డ్ వింగ్, ఏరోప్లేన్ వింగ్ అని రాసినా ఇదే. ఎక్కువగా ఎడమ రెక్కలోనే కనిపిస్తుంది, రెండిటికీ రావడం కూడా ఉంది.

ఎముక మెత్తగా ఉన్నన్నాళ్లు ఆ మెలికను చేత్తో వెనక్కి తిప్పి, అలాగే పట్టి ఉంచితే మళ్లీ దారిలో పడుతుంది. ఎముక గట్టిపడిపోతే తిరిగిన చోటే నిలిచిపోతుంది. ఇంట్లో చేసే వైద్యం మొత్తం ఆధారపడేది ఈ ఒక్క విషయం మీదే. గూస్ పిల్లల్లో ఇది ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య, బాతుపిల్లల్లో నాలుగు నుంచి ఏడు వారాల మధ్య బయటపడుతుంది. మీ పిల్ల సరిగ్గా ఆ మధ్యలో ఉంది, పైగా మీరు రెండో రోజే గమనించారు. అంటే సరయ్యే అవకాశం చాలా బాగుంది.

ఇప్పుడు మీ బాతుపిల్ల సంగతి. రెక్క జారడం వేరు, తిరగడం వేరు. ఈ రెండూ కలిపేసి చాలామంది అవసరం లేని పిల్లకు కట్టు కట్టేస్తుంటారు. పిల్ల వెనక నిలబడి, దాని వీపు మీదుగా చూడండి. రెక్క మొత్తం భుజం నుంచి కిందికి వాలి, ఈకలు మాత్రం ఒంటికి సమాంతరంగా తోకవైపే ఉంటే అది బరువుకు వాలడమే. నెత్తురు కాడలు మొలిచే రోజుల్లో ఇది మామూలు. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు కూడా ఒంటికి గాలి తగలడానికి రెక్కలు దించి, నోరు తెరిచి రొప్పుతాయి. చల్లబడగానే మళ్లీ పైకి సర్దుకుంటాయి. అదే రెక్క చివర ఈకలు ఒంటినుంచి విడిపోయి పక్కకు చూస్తుంటే, ఈకల లోపలి ముఖం పైకో బయటికో తిరిగి కనబడుతుంటే అది ఏంజెల్ వింగ్. మీ బాతుపిల్లను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెనకనుంచి ఫొటో తీసి పెట్టుకోండి. వాలిన రెక్క రోజురోజుకీ పైకి వస్తుంది. తిరిగే రెక్క రోజురోజుకీ పక్కకు పోతుంది. రెండు మూడు రోజుల ఫొటోలు పక్కపక్కన పెడితే సందేహం ఉండదు. పక్కకు పోవడం మొదలైన రోజే దానికీ కట్టు కట్టండి.

విరిగిందేమో అనే అనుమానం తీర్చుకోవడం కష్టం కాదు. విరిగితే సమస్య నిన్న లేదు, ఈరోజు ఉంది అన్నట్టు ఒక్కసారిగా వస్తుంది. సాధారణంగా వెనక ఏదో కారణం ఉంటుంది, తలుపులో ఇరుక్కోవడమో, కుక్క తరమడమో, రెక్క పట్టుకుని ఎత్తడమో. ముట్టుకుంటే పిల్ల గింజుకుంటుంది, ఆ చోట వాపు, వేడి ఉంటాయి, ఆ రెక్క అసలు ఆడించదు. చర్మం మీద కమిలిన మచ్చ రెండు మూడు రోజుల్లో పచ్చగా మారుతుంది. పక్షుల్లో కమిలిన చోటు అలాగే ఆకుపచ్చ రంగుకు వస్తుంది, చీము అనుకుని భయపడొద్దు. ఏంజెల్ వింగ్‌లో నొప్పి ఉండదు. పిల్ల రెండు రెక్కలూ చాచి టపటపలాడిస్తుంది, తిరిగిన రెక్కను కూడా. వాపు, వేడి, నొప్పి, నెత్తురు, వీటిలో ఏది కనిపించినా ఇంటి కట్టు వద్దు, పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. విరిగిన ఎముక మీద ఏంజెల్ వింగ్ కట్టు కడితే అది వంకరగా అతుక్కుంటుంది.

కట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పిల్లను ఒళ్లో, తల మీ మోచేతి వైపు ఉండేలా పెట్టుకోండి. ఒక చేత్తో దాని రెక్క మోచేతి భాగాన్ని ఒంటికి ఆనించి పట్టుకోండి. రెండో చేతి వేళ్లతో తిరిగిన చివరి భాగాన్ని నెమ్మదిగా లోపలికి తిప్పి మడవండి. పిల్ల ప్రతిఘటించకుండా అది సాఫీగా వచ్చి, ఆరోగ్యంగా ఉన్న రెక్క ఎలా పడుకుందో అలాగే పడుకుంటే ఇంకా సమయం ఉన్నట్టు. మీ వేళ్లు వదిలేయగానే నిదానంగా మళ్లీ పక్కకు జారుతుంది, అది సహజమే, కట్టు కట్టేది అందుకే. లోపలికి తిప్పుతుంటే గట్టిగా అడ్డుపడి, బలవంతం చేస్తే తప్ప రాదనిపిస్తే ఆపేయండి. అది గట్టిపడిన రెక్క. బలవంతం చేస్తే విరుగుతుంది.

కట్టుకు ఏది వాడాలంటే, తన మీద తనే అంటుకునే సాగే బ్యాండేజ్ అన్నిటికంటే మంచిది. వెట్రాప్ పేరుతో దొరికేది ఆ రకమే, క్రీడాకారులు మణికట్టుకు చుట్టుకునేది కూడా అదే జాతి. ఈకలకు అంటుకోదు, కత్తిరించగానే ఊడి వస్తుంది. బాతుపిల్లలకు 2.5 సెంటీమీటర్ల వెడల్పు చాలు, పెద్ద గూస్ పిల్లలకు 5 సెంటీమీటర్లది తీసుకోవచ్చు. అది లేకపోతే మెత్తటి గాజుగుడ్డ ఒక చుట్టు చుట్టి, దాని మీద కాగితపు సర్జికల్ టేపు వేయవచ్చు. ప్యాకింగ్ టేపు, ఎలక్ట్రికల్ టేపు మాత్రం వద్దు. వాటి జిగురు ఈకలకు పట్టేస్తుంది, తీసేటప్పుడు నెత్తురు కాడలు ఊడివస్తాయి. రబ్బరు బ్యాండు అసలే వద్దు, రక్తప్రసరణ ఆపేస్తుంది.

ఇద్దరు ఉంటే పని తేలిక. ఒకరు పిల్లను పట్టుకుంటారు, ఒకరు చుట్టుతారు. ముందుగా బ్యాండేజ్ ఒక మూర చుట్టనుంచి విప్పి, సాగదీత పోయేలా వదులుగా మళ్లీ చుట్టుకోండి. చుట్టనుంచి నేరుగా లాగుతూ కడితే అది తర్వాత బిగుసుకుంటుంది. కట్టు బిగుసుకుపోవడానికి అసలు కారణం ఎక్కువసార్లు ఇదే. ఆ తర్వాత రెక్కను సహజంగా మడవండి. మణికట్టు ముందువైపు, ఛాతీ పక్కన ఉండాలి. చివరి పెద్ద ఈకలు మోచేతి వైపున్న ఈకల కిందికి దూరాలి, పైకి కాదు. ఈ ఒక్కటి సరిగ్గా పడిందో లేదో ఆగి చూసుకోండి, ఆరోగ్యంగా ఉన్న రెక్కతో పోల్చుకోండి. ఒక్క పెద్ద ఈక వంకరగా బయట ఉండిపోయినా కట్టు కింద దాని కాడ నలిగి నెత్తురు కారుతుంది.

ఇప్పుడు బ్యాండేజ్ కొసను మడిచిన రెక్క పైన పెట్టి, రెక్కకూ ఒంటికీ మధ్య నుంచి కిందికి దింపి, చుట్టూ తిప్పి పైకి తీసుకురండి. అంటే కట్టు పడేది మడిచిన రెక్క చుట్టూ మాత్రమే, ఒంటి చుట్టూ కాదు. మొదటి చుట్టు మణికట్టుకు కాస్త వెనక పడాలి. రెండో చుట్టును ఏటవాలుగా మణికట్టు ముందు నుంచి తిప్పి తెస్తే ఎనిమిది అంకెలా వస్తుంది. ఇలా చేయకపోతే కట్టు రెక్క చివరివైపు జారిపోయి, సాయంత్రానికి నేల మీద దొరుకుతుంది. రెండు మూడు చుట్లు చాలు. చివర మీ చిటికెనవేలి కొస కట్టు కిందికి దూరాలి. దూరకపోతే విప్పి మళ్లీ కట్టండి, సర్దే ప్రయత్నం చేయొద్దు.

భుజం దగ్గర రెక్క స్వేచ్ఛగా ఉండాలి. పిల్ల మడిచిన రెక్కనే పైకి ఎత్తగలగాలి, దించగలగాలి. రెండు రెక్కలూ కలిపి ఒళ్లంతా చుట్టేసిన ఫొటోలు చూసే ఉంటారు. నేను దాన్ని గట్టిగా వద్దంటాను. పక్షులకు మనలా డయాఫ్రం (ఊపిరి పీల్చడానికి ఛాతీ అడుగున ఉండే కండరపు పొర) లేదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. ఛాతీ చుట్టూ బిగువు పడితే ఊపిరి అందదు, వేడి రోజైతే చచ్చిపోవచ్చు కూడా. ఒక వైపు బరువుకు పిల్ల ఒరిగిపోతోందనిపిస్తే, రెండో రెక్కను కూడా విడిగా, వదులుగా కట్టొచ్చు. అవసరం లేకపోతే మంచి రెక్కను కదలికకు వదిలేయడమే మేలు.

కట్టగానే పిల్ల వింతగా ప్రవర్తిస్తుంది. వెనక్కి వెనక్కి నడుస్తుంది, బోర్లా పడుతుంది, కట్టును పీకుతుంది. గంటలోపు మేత దగ్గరికి వచ్చేస్తుంది, అది మంచి గుర్తు. గుంపునుంచి విడదీయకండి, ఒంటరి పిల్ల తిండి మానేస్తుంది. తోటి పిల్లలు కట్టును మరీ పొడుస్తుంటే ఒక్క నెమ్మదైన పిల్లను తోడుంచి వేరు చేయండి. ఎరుపు, నీలం లాంటి మెరిసే రంగుల కంటే ఈకల రంగుకు దగ్గరగా ఉన్న బ్యాండేజ్ అయితే పొడవడం తగ్గుతుంది. కట్టు ఉన్నన్నాళ్లు ఈత లేదు. తడిసిన బ్యాండేజ్ బరువెక్కి బిగుసుకుంటుంది, కింద చర్మం నానుతుంది, లోతు నీళ్లయితే ఒక్క రెక్కతో పిల్ల తిప్పలు పడుతుంది. తాగే నీళ్ల గిన్నె మాత్రం ముక్కు రంధ్రాలదాకా ముంచుకునేంత లోతు ఉండాలి, లేకపోతే మేత పొడి ముక్కులో గడ్డకట్టి అదో కొత్త బాధ.

రోజుకు రెండుసార్లు కట్టును చేత్తో తడిమి చూడండి. కట్టుకు బయట ఉన్న భాగం ఉబ్బినా, చల్లగా తగిలినా, తడి తగిలినా, వాసన వచ్చినా, నెత్తురు మరక కనిపించినా అప్పటికప్పుడు కత్తిరించి తీసేయాలి. కొస మొద్దుగా ఉన్న కత్తెర వాడండి, ఈకల దిశలో లోపలికి పోనిచ్చి కోయండి. నెత్తురు కాడ ఏదైనా విరిగి కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఆ చోట వేలితో అదిమి కొన్ని నిమిషాలు వదలకుండా పట్టుకోండి, కాస్త మొక్కజొన్న పిండి అద్దితే త్వరగా గడ్డకడుతుంది. అలా పది పదిహేను నిమిషాలు పట్టినా ఆగకపోతే వైద్యుల దగ్గరికి పరుగెత్తాల్సిందే, చిన్న పిల్లకు ఒంట్లో ఉండే నెత్తురే తక్కువ.

ఎన్ని రోజులు అనేది అందరూ తప్పుగా అంచనా వేసే చోటు. ఎక్కువ రోజులుంటే ఎక్కువ మేలు అనుకుంటారు. కాదు. మూడు రోజులు ఉంచండి, మహా అయితే ఐదు. తర్వాత తీసేయండి. రెక్క ముందు భాగంలో భుజానికీ మణికట్టుకూ మధ్య పలచటి చర్మపు మడత ఉంటుంది, రెక్క చాచినప్పుడు గుడారంలా తెరుచుకునేది అదే. మడిచి వారాల తరబడి ఉంచితే ఆ చర్మం కుంచించుకుపోతుంది, కీలు బిగుసుకుంటుంది, ఇక రెక్క పూర్తిగా చాచలేదు. మెలిక పోతుంది, బదులుగా చాచలేని రెక్క మిగులుతుంది. అందుకే కట్టు తీసిన ప్రతిసారీ రెక్కను నెమ్మదిగా పూర్తిగా చాచి, మడిచి, మళ్లీ చాచండి. నాలుగైదు సార్లు చాలు. పిల్ల తనంతట తను కూడా ఆడించుకోవడానికి సగం రోజు వదిలేయండి.

ఆ సగం రోజే మీకు అసలు సంగతి చెప్తుంది. కట్టు తీసిన వెంటనే రెక్క చక్కగానే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. పిల్ల పరుగెత్తి, రెక్కలు విదిలించి, అలసిపోయాక సాయంత్రం వెనకనుంచి చూడండి. అప్పటికీ చివరి ఈకలు ఒంటికి ఆనుకునే ఉంటే పని అయిపోయినట్టే, ఇంకో వారం కళ్లు దానిమీదే ఉంచితే చాలు. పొద్దున చక్కగా ఉండి సాయంత్రానికి రెండు వేళ్ల ఎడం వచ్చిందంటే కీలు దారిలోకి వస్తోంది కానీ ఇంకా బలం చాలలేదు. మళ్లీ మూడు రోజులు కట్టండి. తొలి రోజుల్లో పట్టుకున్న రెక్క చాలాసార్లు వారంలోపే నిలబడుతుంది. ఇలా రెండు వారాలు దాటినా మార్పు కనిపించకపోతే అదే కట్టును పట్టుకుని వేలాడకుండా, పక్షులను చూసే వైద్యులకు చూపించండి.

ఇక మేత. నా లెక్కలో కట్టు సగమే, మేత మిగతా సగం. మేత మార్చకుండా కట్టు కడితే, తీసిన నాలుగో రోజున రెక్క మళ్లీ పక్కకు పోవడం ఎన్నో ఇళ్లలో చూశాను. బ్రాయిలర్ స్టార్టర్ కోడిపిల్లను వారాల్లో బరువెక్కించడానికి చేసిన దాణా, ప్రోటీన్ 22 శాతం దగ్గర్లో ఉంటుంది, శక్తి కూడా ఎక్కువే. బాతుపిల్లకు మొదటి రెండు వారాలు, గూస్ పిల్లకు మొదటి మూడు వారాలు 20 నుంచి 22 శాతం ప్రోటీన్ అక్కరకొస్తుంది. ఆ తర్వాత కూడా అదే కొనసాగితే ఒళ్లు, ఈకలు పరుగెడతాయి, కీళ్లు వెనకబడతాయి. ఇప్పుడు మీ పిల్లలన్నిటికీ ప్రోటీన్ 15, 16 శాతం ఉన్న గ్రోవర్ దాణా (స్టార్టర్ తర్వాత ఎదిగే పిల్లలకు పెట్టేది) చాలు. బస్తా మీద చీటీ చూసి తీసుకోండి. లేయర్ దాణా ప్రోటీన్ తక్కువ ఉంది కదా అని అది పెట్టొద్దు. గుడ్లు పెట్టే కోళ్ల కోసం అందులో కాల్షియం చాలా ఎక్కువ కలుపుతారు, ఎదిగే పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి.

గ్రోవర్ దొరికేదాకా ఉన్న స్టార్టర్‌లో అంతే తూకం ఓట్లు లేదా గోధుమలు కలపవచ్చు. గింజల్లో ప్రోటీన్ 11, 12 శాతం ఉంటుంది కాబట్టి సగం సగం కలిపితే మొత్తం 16, 17 శాతానికి దిగుతుంది. కానీ అలా కలిపినప్పుడు ప్రోటీన్‌తో పాటు విటమిన్లు, ఖనిజాలు కూడా పలచబడతాయి. అందుకే ఇది కొన్నాళ్ల సర్దుబాటే, అలవాటు కాకూడదు. ఎముక, స్నాయువు గట్టిపడటానికి మాంగనీస్, విటమిన్ డి, విటమిన్ ఇ కావాలి, ఇవి కొరవడినప్పుడు కూడా రెక్క నిలవదు. నీళ్లలో కలిపే పక్షుల మల్టీవిటమిన్ సీసా మీద రాసిన మోతాదులో ఇవ్వండి. రెట్టింపు ఇస్తే రెట్టింపు వేగంగా నయమవదు, విటమిన్ డి ఒంట్లో పేరుకుపోయి హాని చేస్తుంది. రోజూ ఎండ తగలనిస్తే విటమిన్ డి చాలావరకు వాటంతట అవే తయారుచేసుకుంటాయి.

అన్నిటికంటే పెద్ద మందు గడ్డి. గూస్ పుట్టుకతో గడ్డి మేసే పక్షి, ఐదు వారాల పిల్ల రోజులో ఎక్కువ భాగం మేస్తూనే గడపాలి. లేత గడ్డిలో నీళ్లు, పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినా ఎదుగుదల పరుగందుకోదు. మేస్తూ నడుస్తుంది కాబట్టి ఒంటికి కదలిక ఉంటుంది. మందు కొట్టని చోటు అయి ఉండాలి. కోసి వేస్తే పొట్టిగా తరిగి వేయండి, పొడుగు పోచలు ఉండచుట్టుకుని మెడ కింది సంచిలో అడ్డుపడతాయి. గడ్డి మేసే పిల్లకు ముతక ఇసుక అందుబాటులో ఉండాలి, అది లేకుండా కండర జఠరం పీచును నలగ్గొట్టలేదు. దాణాను పొద్దున, సాయంత్రం మాత్రమే, పావుగంట ఇరవై నిమిషాల్లో తినేంత పెట్టి తీసేయండి. రాత్రి దాణా అక్కర్లేదు. దాణా ఉన్నంతసేపూ నీళ్లు అందుబాటులో ఉండాలి, పొడి మేత గొంతులో పడితే ఊపిరాడదు. దాణా గిన్నె ఒక చివర, నీళ్లు ఇంకో చివర పెడితే ఆ మధ్య నడకే వాటికి వ్యాయామం. మాడ్చమని నేను చెప్పడం లేదు. వారానికి ఒకసారి తూకం వేయండి, బరువు పెరుగుతూ ఉండాలి, పెరగడం నిదానించాలి అంతే. రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగులుతుంటే మేత మరీ తగ్గించినట్టు. రొట్టె ముక్కలు, బిస్కెట్లు, వంటింటి మిగుళ్లు పూర్తిగా ఆపండి. కడుపు నింపి గడ్డికి చోటు లేకుండా చేయడమే అవి చేసేది.

మీరు అడగలేదు కానీ ఒకటి చూసుకోండి. కోళ్ల దాణా మీద పెరిగే బాతుపిల్లలకు నియాసిన్ (విటమిన్ బి3) చాలకపోవడం తరచుగా జరుగుతుంది. కిలో దాణాకు 55 మిల్లీగ్రాముల దాకా వాటికి కావాలి, కోడిపిల్లలకు అంత అక్కర్లేదు. అది తక్కువైతే దెబ్బ తినేది కాళ్లు. మోకాలిలా కనిపించే కీలు ఉబ్బుతుంది, కాళ్లు విల్లులా వంగుతాయి, పిల్ల నడవకుండా కూర్చుండిపోతుంది. దాణాలో బ్రూయర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్ పొడి) కలిపితే సాధారణంగా ఇది రాదు. రెక్క తిరిగినదానికి నియాసిన్ ఇస్తే నయమవుతుందని కొందరు చెప్తారు, నేను ఒప్పుకోను. అది కాళ్ల మందు, రెక్కకు మేత తగ్గింపు, కట్టు తప్పవు.

పెద్ద గూస్ విషయానికి వస్తే, నాలుగైదు నెలలు దాటి ఎముక గట్టిపడ్డాక ఏ కట్టూ మెలికను తిప్పలేదు. దానికి నొప్పి లేదు, తింటుంది, ఈదుతుంది, జత కడుతుంది, పూర్తి ఆయుష్షు బతుకుతుంది. ఎగరలేదు, అంతే. ఎగరలేదు కాబట్టి కుక్కల నుంచి, నక్కల నుంచి తప్పించుకోలేదు, రాత్రి తప్పకుండా మూసిన గూట్లో ఉండాలి. పక్కకు పొడుచుకొచ్చిన ఈకలు కంచెల్లో, పొదల్లో చిక్కుకుని చిరుగుతుంటే ఆ పెద్ద ఈకలను కత్తిరించవచ్చు. కాడ తెల్లగా, ఎండిపోయి ఉన్నప్పుడే కత్తిరించాలి. నీలంగా, లావుగా ఉన్న కాడను ముట్టుకోవద్దు. ఏటా ఈకలు రాల్చి కొత్తవి మొలిచినప్పుడు మళ్లీ చేయాల్సి వస్తుంది. ఎముకను కోసి తిప్పి అమర్చే ఆపరేషన్ ఉంది కానీ రెక్క గాయపడుతూ ఉంటే తప్ప, చూడటానికి బాగాలేదని ఒక ఆరోగ్యంగా ఉన్న పక్షికి మత్తు ఇప్పించమని నేను చెప్పను.

దాని గుడ్లు పొదిగించాలా అంటే, చిన్నప్పుడు ఏ మేత మీద పెరిగిందో తెలియదు కాబట్టి దాని రక్తంలోనే ఉందని అనలేం. ఒక జతకు పుట్టిన పిల్లలకు మంచి గడ్డి, తగిన దాణా ఉన్నా వరసగా రెక్కలు తిరుగుతుంటే అప్పుడు ఆ జత గుడ్లు పొదగనివ్వకండి. ఇప్పుడు రెక్క సరైన గూస్ పిల్లకు మాత్రం ఆ నిషేధం అక్కర్లేదు, దాని సమస్య మీ దాణా గిన్నెలోనే కనబడుతోంది.

మిగతా పిల్లలకు కట్టు ముందుజాగ్రత్తగా కడదామా అని కూడా రాశారు. వద్దు. వాటి రెక్కలు ఆడాలి, ఆడితేనే కీలు బలపడుతుంది. ఈ మేత మార్పు వాటికి కూడా ఈరోజు సాయంత్రం నుంచే మొదలుపెట్టండి, ఎనిమిది వారాలు నిండేదాకా రోజూ పొద్దున గూడు తెరిచినప్పుడు ఒక్కోదాన్ని వెనకనుంచి చూడండి. మొదటి కట్టు కట్టాక పిల్ల వీపు మీదుగా, పక్కనుంచి ఒక్కో ఫొటో ఇక్కడ పెట్టండి, ఈకలు కిందికి సరిగ్గా దూరాయా లేదా, చుట్టు మణికట్టు ముందు పడిందా లేదా చూసి చెప్తాను.